వలస, శరణార్థి విధానాలపై పైచదువు: ఏ దారి ఎవరికి సరిపోతుంది?

వలసలు, శరణార్థుల విధానాల మీద ఎంఏనో పీహెచ్‌డీనో చేయాలనుకునేవాళ్లు మొదట చూసేది యూనివర్సిటీ ర్యాంకు. నన్నడిగితే అది ఆఖరున చూడాల్సిన సంగతి. ఈ రంగంలో కోర్సుల పేర్లన్నీ ఇంచుమించు ఒకేలా ఉంటాయి, లోపల నేర్పేది మాత్రం ఒకటి కాదు. ఒకచోట ‘రెఫ్యూజీ స్టడీస్’ అంటే ప్రధానంగా అంతర్జాతీయ చట్టం. ఇంకోచోట మానవశాస్త్రం. మరోచోట జనాభా లెక్కలు, గణాంకాలు. చేరాక ఈ తేడా తెలిసి లాభం లేదు, అప్పటికే ఫీజు కట్టేసి ఉంటారు.

ఈ తేడా ఎంత పెద్దదో ఒక్క ఉదాహరణతో చూద్దాం. 2016 ఫిబ్రవరిలో లండన్‌లో సిరియా సహాయ సదస్సు జరిగింది. సిరియా శరణార్థులకు రెండు లక్షల దాకా ఉపాధి అవకాశాలు కల్పిస్తామని జోర్డాన్ అక్కడ మాటిచ్చింది. బదులుగా దాతలు గ్రాంట్లు, చౌక రుణాలు ఇస్తామన్నారు. జోర్డాన్‌లోని ప్రత్యేక పారిశ్రామిక మండళ్లలో తయారైన సరుకు తన మార్కెట్లోకి తేలిగ్గా వచ్చేలా నిబంధనలు సడలిస్తానని యూరోపియన్ యూనియన్ ఒప్పుకుంది. దీన్నే ‘జోర్డాన్ కాంపాక్ట్’ అంటారు.

దీన్ని న్యాయశాస్త్ర విద్యార్థి ముందు పెడితే, శరణార్థుల హక్కులు చెప్పే 1951 అంతర్జాతీయ ఒప్పందంలో జోర్డాన్ చేరనే లేదు కదా, మరి ఈ పని హక్కు ఏ చట్టం ఇచ్చింది, రేపు ప్రభుత్వం వెనక్కి తీసుకుంటే ఏ కోర్టుకు వెళ్లాలి అని అడుగుతాడు. ఆర్థికశాస్త్రం చదివే అమ్మాయి నేరుగా అంకె మీదకు వెళుతుంది: ఇచ్చిన పని పర్మిట్లు ఎన్ని, నిజంగా పుట్టిన ఉద్యోగాలు ఎన్ని, పాత పర్మిట్ల రెన్యువల్ కూడా ఇందులో కలిసిందా? మానవశాస్త్రం వాళ్లు పర్మిట్ ఇస్తామన్నా వద్దన్నవాళ్ల దగ్గర కూర్చుంటారు. కుట్టు ఫ్యాక్టరీ ఊరికి ఎంత దూరం, పిల్లల్ని ఎవరు చూస్తారు, పర్మిట్ తీసుకుంటే అందుతున్న సాయం ఆగిపోతుందన్న భయం ఎంత? రాజనీతిశాస్త్రంలో ప్రశ్న వేరు. 2015లో లక్షల మంది శరణార్థులు యూరప్ చేరకపోయి ఉంటే ఈ ఒప్పందం అసలు పుట్టేదా?

ఈ నాలుగింటిలో ఏది చదవగానే మీ బుర్రలో మరో ప్రశ్న పుట్టిందో దాన్ని పట్టుకోండి. నాలుగూ బాగున్నాయి అనిపిస్తే తప్పు లేదు గానీ, అప్పుడు మీకు కావాల్సింది నాలుగు శాఖల్నీ కలిపి చెప్పే మాస్టర్స్. నేరుగా పీహెచ్‌డీకి వెళ్లకండి.

మాస్టర్స్: తొమ్మిది నెలలా, రెండేళ్లా?

ఆక్స్‌ఫర్డ్‌తోనే మొదలుపెడదాం, అందరూ అడిగేది అదే కాబట్టి. అక్కడ రెండు ఎమ్మెస్సీలు ఉన్నాయి, వాటిని కలగాపులగం చేసుకునేవాళ్లు చాలామంది. మొదటిది రెఫ్యూజీ అండ్ ఫోర్స్‌డ్ మైగ్రేషన్ స్టడీస్. బార్బరా హారెల్-బాండ్ 1982లో మొదలుపెట్టిన రెఫ్యూజీ స్టడీస్ సెంటర్ దీన్ని నడుపుతుంది. బలవంతపు వలస, ఆశ్రయం, మానవతా సాయం, దానిలోని అధికార సంబంధాలు ఇందులో కేంద్రం. రెండోది మైగ్రేషన్ స్టడీస్. దీని పరిధి ఇంకా విశాలం: ఉపాధి వలస, ప్రవాస సమాజాలు, పౌరసత్వం, సరిహద్దులు. శరణార్థి చట్టం మీద మనసుండి రెండోదానికి, గల్ఫ్ కార్మికుల నియామకాల మీద మనసుండి మొదటిదానికి దరఖాస్తు పెడితే సీటు వచ్చినా అసంతృప్తే మిగులుతుంది.

రెండూ తొమ్మిది నెలల కోర్సులే. దీన్ని చాలామంది లాభం కింద లెక్కేస్తారు: తక్కువ కాలం, ఒకే ఏడాది ఫీజు. నాకు మాత్రం ఇక్కడే జాగ్రత్త పడాలనిపిస్తుంది. అక్టోబరులో చేరితే వేసవికల్లా థీసిస్ చేతిలో ఉండాలి. మధ్యలో ఎక్కడో ఒక శిబిరానికి వెళ్లి నెలల తరబడి ఇంటర్వ్యూలు చేయడమన్నది జరిగే పని కాదు. కాబట్టి థీసిస్‌లో ఎక్కువ భాగం పత్రాలు, తీర్పులు, ఉన్న డేటా మీదే నడుస్తుంది. ఇప్పటికే నాలుగైదేళ్లు క్షేత్రంలో పనిచేసి, చూసినదాన్ని సిద్ధాంతంలో పెట్టి ఆలోచించాలనుకునేవాళ్లకు ఇది అద్భుతంగా కుదురుతుంది. డిగ్రీ అయిన వెంటనే వచ్చే ఇరవై రెండేళ్ల వాళ్లకు ఆ తొమ్మిది నెలలు ఊపిరి సలపనివ్వవు.

అలాంటివాళ్లకు రెండేళ్ల కోర్సులే మేలు. వాటిలో ప్రత్యేకంగా చెప్పుకోవాల్సింది ‘ఎమ్మిర్’ (యూరోపియన్ మాస్టర్ ఇన్ మైగ్రేషన్ అండ్ ఇంటర్‌కల్చరల్ రిలేషన్స్). జర్మనీలోని ఓల్డెన్‌బర్గ్ యూనివర్సిటీ సమన్వయం చేసే ఎరాస్మస్ ముండుస్ ప్రోగ్రామ్ ఇది, అంటే యూరోపియన్ యూనియన్ నిధులతో పలు యూనివర్సిటీలు కలిసి నడిపే కోర్సు. యూరప్ యూనివర్సిటీలతో పాటు ఆఫ్రికా యూనివర్సిటీలు కూడా భాగస్వాములు కావడం దీని అసలు బలం. శరణార్థులు అత్యధికంగా ఉండేది ధనిక దేశాల్లో కాదు. ఐక్యరాజ్యసమితి శరణార్థి సంస్థ యూఎన్‌హెచ్‌సీఆర్ లెక్క ప్రకారం 2024 ఆఖరుకు వాళ్లలో 73 శాతం మందికి చోటిచ్చినవి అల్ప, మధ్య ఆదాయ దేశాలే. పాఠం మాత్రం ఎక్కువగా ధనిక దేశాల్లోనే చెబుతారు. ఈ వంకరను భారతీయ అంతర్జాతీయ చట్ట పండితుడు బి.ఎస్. చిమ్నీ 1998లోనే ఎత్తిచూపారు. ఇప్పటికీ పూర్తిగా సరికాలేదు. అందుకే అల్ప, మధ్య ఆదాయ దేశాల్లో ఒక్క సెమిస్టరైనా గడిపే అవకాశం ఉన్న కోర్సుకు నేను ఒక మార్కు ఎక్కువే వేస్తాను.

అదే తర్కంతో కైరో, జోహన్నెస్‌బర్గ్ పేర్లు కూడా జాబితాలో ఉండాలి. కైరోలోని అమెరికన్ యూనివర్సిటీలో మైగ్రేషన్ అండ్ రెఫ్యూజీ స్టడీస్ ఎంఏ ఉంది. సూడాన్, సిరియా నుంచి వచ్చినవాళ్లు బతుకుతున్న నగరంలోనే మీరూ చదువుతారు. పైగా ఈజిప్టులో ఆశ్రయ దరఖాస్తుల పరిశీలన దశాబ్దాలుగా యూఎన్‌హెచ్‌సీఆర్ చేతిలో ఉండేది. 2024 డిసెంబరులో ఆ దేశం తన మొదటి ఆశ్రయ చట్టం చేసింది. ఒక వ్యవస్థ చేతులు మారడాన్ని పక్కనే ఉండి గమనించే అవకాశం విద్యార్థికి తరచూ దొరకదు. జోహన్నెస్‌బర్గ్‌లో విట్‌వాటర్స్‌రాండ్ యూనివర్సిటీకి చెందిన ఆఫ్రికన్ సెంటర్ ఫర్ మైగ్రేషన్ అండ్ సొసైటీ నగర వలసలు, పరాయివాళ్ల మీద ద్వేషం, ఆరోగ్యం వంటి అంశాల్లో గట్టిది. ఈ రెండు చోట్లా డిగ్రీకి ‘బ్రాండ్’ తక్కువేమో గానీ, క్షేత్ర అనుభవంతో బయటికొస్తారు. మానవతా సంస్థల్లో ఉద్యోగం చూసుకునేవాళ్లకు ఆ అనుభవమే ఎక్కువ పనికొస్తుంది.

స్వీడన్‌లో మాల్మో, లింషోపింగ్, డెన్మార్క్‌లో కోపెన్‌హాగెన్. వీటి మొగ్గు శరణార్థి చట్టం కన్నా వలస వచ్చినవాళ్లు సమాజంలో కలవడం, జాతి సంబంధాలు, సంక్షేమ రాజ్యం వైపు. యూరప్ సమాజాన్ని అర్థం చేసుకోవాలనుకుంటే మంచివి. కెనడాలో టొరంటోలోని యార్క్ యూనివర్సిటీ రెఫ్యూజీ స్టడీస్ సెంటర్ 1988 నుంచి నడుస్తోంది. ప్రైవేటు స్పాన్సర్‌షిప్, పునరావాసం మీద ఆసక్తి ఉన్నవాళ్లకు కెనడాను మించిన ప్రయోగశాల లేదు, ఎందుకంటే సాధారణ పౌరులు గుంపుగా చేరి ఒక శరణార్థి కుటుంబాన్ని రప్పించే పద్ధతి అక్కడ 1970ల చివరి నుంచి ఉంది.

ఉద్యోగం వదల్లేనివాళ్లకు లండన్ యూనివర్సిటీ రెఫ్యూజీ లా ఇనిషియేటివ్ వాళ్ల దూరవిద్య ఎంఏ ఒక దారి. దూరవిద్య అనగానే మొహం చిట్లించేవాళ్లున్నారు. ఈ రంగంలో ఆ చిన్నచూపు అక్కర్లేదు. ఇలాంటి కోర్సులో మీ తోటి విద్యార్థులు ఆ రోజు ఉదయం ఏదో దేశంలో ఆశ్రయ దరఖాస్తులు పరిశీలించి, సాయంత్రం క్లాసుకు కూర్చున్నవాళ్లై ఉండొచ్చు. చర్చలో ఆ తేడా కనబడుతుంది. ఒకే లోటు: ప్రొఫెసర్లతో ముఖాముఖి పరిచయం తక్కువ కాబట్టి, తర్వాత పీహెచ్‌డీకి సిఫార్సు లేఖ కావాలంటే మీరే చొరవ తీసుకుని వాళ్లకు తెలిసేలా ఉండాలి.

చట్టమా, అంకెలా?

ఎల్‌ఎల్‌బీ చేసి వచ్చేవాళ్లకు నా సలహా సూటిగా ఉంటుంది: సాధారణ మైగ్రేషన్ ఎంఏ కన్నా శరణార్థి చట్టంలో లోతున్న చోటికే వెళ్లండి. సిడ్నీలో న్యూసౌత్ వేల్స్ యూనివర్సిటీకి చెందిన కాల్డోర్ సెంటర్ 2013 నుంచి ఇదే పని మీద ఉంది. దేశమే లేనివాళ్ల సమస్య మీద ఆసక్తి ఉంటే మెల్‌బోర్న్ యూనివర్సిటీలోని పీటర్ మెక్‌ముల్లిన్ సెంటర్ చూడండి. చట్టంలో ఇప్పుడు వేడి మీదున్న ప్రశ్నల్లో వాతావరణ మార్పు ఒకటి. ‘క్లైమేట్ రెఫ్యూజీ’ అనే మాట పత్రికల్లో ఉంది గానీ 1951 ఒప్పందంలో లేదు. కిరిబాటి నుంచి న్యూజిలాండ్ వెళ్లిన టెయిటియోటా కేసులో ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కమిటీ 2020లో వెలువరించిన అభిప్రాయం అతనికి అనుకూలంగా రాలేదు. అయినా ప్రాణహాని ఉన్నచోటికి వెనక్కి పంపడం ముందుముందు హక్కుల ఉల్లంఘన కావచ్చన్న తలుపు తెరిచి ఉంచింది. ఇలాంటి తీర్పును పేరా పేరా విప్పి చదవడం మీకు విసుగనిపిస్తే చట్టం దారి మీది కాదు. ఇష్టంగా చదివితే ఇంకో ఆలోచన వద్దు.

అంకెల వైపు వెళ్లేవాళ్లకు పోటీ తక్కువ, గిరాకీ ఎక్కువ. విచిత్రమేంటంటే ఈ రంగంలోకి వచ్చేవాళ్లలో చాలామంది లెక్కలంటే పారిపోయి వచ్చినవాళ్లే. నెదర్లాండ్స్‌లోని మాస్ట్రిక్ట్‌లో ఐక్యరాజ్యసమితి యూనివర్సిటీ సంస్థ యూఎన్‌యూ-మెరిట్‌లో పబ్లిక్ పాలసీ మాస్టర్స్‌లో భాగంగా వలసల మీద ప్రత్యేకత తీసుకోవచ్చు. ముంబైలోని ఐఐపీఎస్ (ఇంటర్నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఫర్ పాపులేషన్ సైన్సెస్)లో జనాభా శాస్త్రం పునాది గట్టిగా పడుతుంది. తిరువనంతపురంలోని సెంటర్ ఫర్ డెవలప్‌మెంట్ స్టడీస్ 1998లో మొదలుపెట్టిన కేరళ మైగ్రేషన్ సర్వే, ఒకే ప్రాంతాన్ని ఏళ్ల తరబడి విడవకుండా గమనిస్తే ఏం తెలుస్తుందో చూపించిన పని. కోర్సులో చేరకముందే మీకు ఇది పడుతుందో లేదో పరీక్షించుకోవచ్చు. యూఎన్‌హెచ్‌సీఆర్ డేటా సైట్‌లోకి వెళ్లి, ఏదైనా ఒక దేశంలోని శరణార్థుల సంఖ్య పదేళ్లలో ఎలా మారిందో దించుకోండి. ఎక్కడో ఒకచోట గ్రాఫ్ గీత ఉన్నట్టుండి లేస్తుంది లేదా పడిపోతుంది. నిజంగా మనుషులు వచ్చి వెళ్లారా, లేక లెక్కించే పద్ధతి మారిందా? ఆ ప్రశ్నకు జవాబు దొరికేదాకా నిద్ర పట్టనివాళ్లు అంకెల మనుషులు.

మరో సంగతి. 2024 ఆఖరుకు ప్రపంచంలో బలవంతంగా ఇల్లు వదిలిన 12.32 కోట్ల మందిలో 7.35 కోట్ల మంది తమ దేశం దాటనివాళ్లు, అంటే అంతర్గత నిర్వాసితులు. సిలబస్‌లలో మాత్రం వాళ్లకు తరచూ ఒక్క వారమే కేటాయిస్తారు. వీళ్ల మీద పనిచేయాలనుకునేవాళ్లు కోర్సు పేజీలో ఆ మాట ఎన్నిసార్లు వచ్చిందో వెతికి చూసుకోవడం మంచిది.

పీహెచ్‌డీ: ప్రశ్న ఎవరిది, జీతం ఎవరిది?

దేశాల మధ్య అసలు తేడా ఇక్కడ బయటపడుతుంది. నెదర్లాండ్స్, స్వీడన్, నార్వే, డెన్మార్క్‌లలో పీహెచ్‌డీ సాధారణంగా ఉద్యోగం. నోటిఫికేషన్ వస్తుంది, దరఖాస్తు పెడతారు, ఎంపికైతే నెలనెలా జీతం, పెన్షన్ కోత, సెలవులు. జర్మనీలో ప్రాజెక్టు పోస్టులూ ఇంచుమించు అంతే. బ్రిటన్‌లో దరఖాస్తుదారే తన పరిశోధనా ప్రతిపాదనతో వెళతాడు. సీటు ఒకరిస్తారు, డబ్బు ఇంకొకరివ్వాలి. అమెరికాలో ఐదేళ్లు పైబడుతుంది, మొదటి రెండేళ్లు కోర్సువర్క్, మంచి శాఖలైతే బోధన బాధ్యతతో పాటు నిధులూ ఇస్తాయి. అక్కడ మీ డిగ్రీ సాధారణంగా సోషియాలజీలోనో పొలిటికల్ సైన్స్‌లోనో ఉంటుంది, వలస అనేది మీ అంశం మాత్రమే. తర్వాత అధ్యాపక ఉద్యోగాల వేటలో ఇది నష్టం కాదు, పెద్ద లాభం.

జీతం వచ్చే ప్రాజెక్టు పీహెచ్‌డీలో ఒక మెలిక ఉంది. ప్రశ్న చాలావరకు ప్రొఫెసర్‌ది. ఆయన గ్రాంటు రాసినప్పుడే ‘మూడు దేశాల్లో సరిహద్దు నియంత్రణ’ అని నిర్ణయమైపోయి ఉంటుంది. మీరు వచ్చి రెండో దేశం చేస్తారు. బ్రిటన్ తరహాలో ప్రశ్న మీదే, కానీ నిధులు దొరక్కపోతే ఆ ప్రశ్న కాగితం మీదే ఉండిపోతుంది. నాకైతే, కుటుంబ బాధ్యతలున్నవాళ్లు జీతం వైపే మొగ్గాలనిపిస్తుంది. ఇతరుల ప్రశ్న మీద నాలుగేళ్లు పనిచేసి పద్ధతి నేర్చుకున్నవాళ్లు ఆ తర్వాత తమ ప్రశ్నను ఇంకా బాగా అడుగుతారు. పదేళ్లుగా ఒకే విషయం మనసును తొలుస్తున్నవాళ్లకు మాత్రం ఈ సలహా వర్తించదు. వాళ్లు రాజీపడితే మధ్యలో వదిలేస్తారు.

ఏ దేశమైనా, గైడ్‌ను ఎంచుకునేటప్పుడు ఆయన పాత ఖ్యాతి కాకుండా గత మూడేళ్లలో రాసినవి చదవండి. ఆయన దగ్గర ఇటీవల పీహెచ్‌డీ పూర్తిచేసినవాళ్లు ఎందరు, ఎన్నేళ్లలో చేశారో శాఖ పేజీలో చూడండి. ఎందుకంటే ఈ రంగంలో పేరున్న ప్రొఫెసర్లలో కొందరు ఏడాదిలో చాలాకాలం జెనీవాలోనో బ్రస్సెల్స్‌లోనో ఉంటారు, విద్యార్థికి దొరకరు.

క్షేత్రానికి వెళ్లే ముందు

విద్యార్థులు కోర్సు ఎంచుకునేటప్పుడు దాదాపుగా పట్టించుకోనిది, తర్వాత అన్నిటికన్నా ఎక్కువ ఇబ్బంది పెట్టేది ఎథిక్స్ అనుమతి, అంటే మీ పరిశోధన ఎవరికీ హాని చేయదని చూసి యూనివర్సిటీ కమిటీ ఇచ్చే అనుమతి. ఇంటర్వ్యూ ఇచ్చే వ్యక్తితో సమ్మతి పత్రం మీద సంతకం చేయించాలని యూనివర్సిటీ ఫారం అంటుంది. ఎదుట ఉన్న మనిషికి చట్టబద్ధమైన కాగితాల్లేవు. పేరు రాసి సంతకం పెట్టిన ఆ కాగితం పొరపాటున పోలీసుల చేతికి చిక్కితే? పేరు చెప్పకుండా నోటిమాటగా సమ్మతి తీసుకుని రికార్డు చేయడం ఇక్కడ భద్రం. కొన్ని ఎథిక్స్ కమిటీలు దాన్ని మారుమాట్లాడకుండా ఒప్పుకుంటాయి; వలసల మీద పని చూడని కమిటీలు నెలలు తిప్పుతాయి. ఏడాది కోర్సులో ఆ నెలలే మీ క్షేత్రకాలం. అందుకే సీటు ఖాయం చేసుకునే ముందు, పాత విద్యార్థి ఎవరినైనా పట్టుకుని ‘అనుమతి ఎన్నాళ్లకు వచ్చింది?’ అని అడగండి. ఫోర్స్‌డ్ మైగ్రేషన్ పరిశోధకుల అంతర్జాతీయ సంఘం 2018లో తెచ్చిన నైతిక నియమావళి ఇలాంటి చిక్కుల కోసమే; దరఖాస్తులో దాన్ని ప్రస్తావిస్తే కమిటీతో మాట్లాడటం సులువవుతుంది.

స్థలం ఎంపిక కూడా నైతిక ప్రశ్నే. లెబనాన్ రాజధాని బీరూట్‌లోని షటిలా లాంటి శిబిరాల్లో జనం పరిశోధకులకు జవాబులు చెప్పి చెప్పి అలసిపోయారు. మీ ప్రశ్నకు జవాబు ఇప్పటికే ఉన్న రికార్డుల్లో దొరికేటట్టయితే వాళ్ల తలుపు తట్టకండి. ఎంచుకున్న చోటి భాష కొంతైనా వచ్చి ఉండటం మరో సర్టిఫికెట్ కన్నా విలువైనది. అరబిక్, ఫ్రెంచ్, స్పానిష్‌లలో ఒకటి వస్తే దుబాసీ లేకుండా వినగలరు, దుబాసీ మింగేసిన మాట మీకు దొరుకుతుంది.

డిగ్రీ లేకుండా

చిన్న కోర్సుల గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. యార్క్ వేసవి కోర్సు, ఇటలీ సాన్ రెమోలో శరణార్థి చట్టం తరగతులు, కలకత్తా రీసెర్చ్ గ్రూప్ 2003 నుంచి నడుపుతున్న శీతాకాల కోర్సు. పరిచయాల కోసం ఇవి మేలు. దక్షిణాసియా దృష్టికోణం కావాలంటే చివరిది తప్పక చూడాలి. ఉచిత ఆన్‌లైన్ కోర్సులు ఆసక్తిని పరీక్షించుకోవడానికి సరే, బయోడేటాలో వాటికి పెద్ద బరువుండదు.

పరిశోధన సంస్థల్లో పని కూడా ఒక రకం చదువే. వాషింగ్టన్‌లోని మైగ్రేషన్ పాలసీ ఇన్‌స్టిట్యూట్, వియన్నాలోని ఐసీఎంపీడీ (వలస విధానాల మీద పనిచేసే అంతర్జాతీయ కేంద్రం), జెనీవాలోని అంతర్గత నిర్వాసితుల పర్యవేక్షణ కేంద్రం: ఒక్కోచోట ఒక్కో గొంతు. ఐసీఎంపీడీ ప్రభుత్వాలే సభ్యులుగా ఉన్న సంస్థ, దాని నివేదికలు ఆ ప్రభుత్వాల చెవికి ఎక్కే భాషలో ఉంటాయి. అందులో తప్పేమీ లేదు. కానీ రాజ్యం ఇచ్చిన ‘అక్రమ వలస’ వంటి వర్గీకరణలనే ప్రశ్నించాలనుకునేవాడు అక్కడ ఉక్కిరిబిక్కిరవుతాడు. నాలుగు పేజీల్లో మంత్రికి అర్థమయ్యేలా రాయడం ఇష్టమున్నవాళ్లు యూనివర్సిటీ కన్నా అక్కడే రాణిస్తారు.

డబ్బు, గడువులు

ఎరాస్మస్ ముండుస్ స్కాలర్‌షిప్ ఫీజు భారం తీసేసి నెలకు 1,400 యూరోలు ఇస్తుంది, అందుకే పోటీ విపరీతం. బ్రిటన్ ప్రభుత్వ స్కాలర్‌షిప్ చెవెనింగ్ అక్కడ ఏడాది మాస్టర్స్‌కు. రెండేళ్ల పని అనుభవం తప్పనిసరి, చదువయ్యాక రెండేళ్లు స్వదేశంలో ఉండాలి. చదవగానే అక్కడే పరిశోధనలో కొనసాగాలనుకునేవాళ్లు ఈ షరతును ముందే లెక్కలో వేసుకోవాలి. స్వీడన్‌లో యూరప్ బయటివాళ్లకు 2011 నుంచి ఫీజులున్నాయి. జర్మనీ ప్రభుత్వ యూనివర్సిటీల్లో ఎక్కువచోట్ల ట్యూషన్ ఫీజు లేదు. కానీ జీవన ఖర్చుకు బ్యాంకులో డబ్బు చూపించాలి.

స్వయంగా శరణార్థులైన విద్యార్థులకు వేరే దారులున్నాయి, అవి ఇంకా ఎక్కువ మందికి తెలియాలి. యూఎన్‌హెచ్‌సీఆర్ డాఫీ స్కాలర్‌షిప్ 1992 నుంచి ఆశ్రయమిచ్చిన దేశంలోనే డిగ్రీ చదివిస్తోంది. కెనడాలో వుస్క్ (వరల్డ్ యూనివర్సిటీ సర్వీస్ ఆఫ్ కెనడా) సంస్థ 1978 నుంచి విద్యార్థి శరణార్థుల్ని యూనివర్సిటీల్లోకి తీసుకొచ్చి స్థిరపరుస్తోంది. ప్రమాదంలో ఉన్న అధ్యాపకులకు 1933లో పుట్టిన బ్రిటన్ సంస్థ కారా, న్యూయార్క్ కేంద్రంగా స్కాలర్స్ ఎట్ రిస్క్ తాత్కాలిక స్థానాలు చూపిస్తాయి.

గడువులన్నీ ఒకేసారి రావు. చెవెనింగ్ దరఖాస్తులు సాధారణంగా ఆగస్టులో తెరుస్తారు. ఎరాస్మస్ ముండుస్ కోర్సులవి ఎక్కువగా అక్టోబరు, జనవరి మధ్య ఉంటాయి. ఆక్స్‌ఫర్డ్‌లో నిధులు కావాలంటే డిసెంబరు, జనవరి గడువులే అందుకోవాలి. స్వీడన్, నార్వే, డెన్మార్క్ వంటి నార్డిక్ దేశాల పీహెచ్‌డీ పోస్టులకు కాలమంటూ లేదు, ఏడాది పొడవునా వస్తూనే ఉంటాయి. సిఫార్సు లేఖలు రాసేవాళ్లకు జూలైలోనే చెప్పండి. చెప్పేటప్పుడు మీ పరిశోధన ప్రశ్నను ఒక్క పేజీలో రాసి చేతికివ్వండి. ‘శరణార్థులకు సేవ చేయాలని ఉంది’ అని రాస్తే లేఖ కూడా అంతే పలచగా వస్తుంది. ‘జోర్డాన్ పర్మిట్లు ఆడవాళ్లకు ఎందుకు తక్కువగా చేరాయి’ అని రాసిచ్చారనుకోండి, లేఖ రాసేవాళ్లకు రాయడానికి ఏదో ఒకటి దొరుకుతుంది.